బండ మునిగితే లేచిపోవడమే: జలవిద్యుత్ ఇంజనీర్లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్

కృష్ణా, గోదావరి నదుల మీద, వాటి ఉపనదుల మీద ఆనకట్టలను, జలవిద్యుత్ కేంద్రాలను నడుపుతున్న ఇంజనీరింగ్ అధికారులకు, ఆనకట్టల భద్రత చూసే బాధ్యులకు నమస్కారాలు.

విషయం: ఆకస్మిక వరద వచ్చినప్పుడూ, కరెంటు కోసం నీరు వదిలినప్పుడూ దిగువనున్న మనిషికి హెచ్చరిక అందకపోవడం గురించి.

అయ్యా,

నేను ఈ నగరంలో ఇరవై రెండేళ్లుగా సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతున్నాను. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే కావచ్చు. 2009 అక్టోబరు వరదలో శ్రీశైలం ఆనకట్టను కాపాడుకున్నది మీ వృత్తివాళ్లే. ఆ రాత్రులు కంటి మీద కునుకు లేకుండా గేట్ల దగ్గర నిలబడిన వాళ్లకు రెండు రాష్ట్రాలూ రుణపడి ఉన్నాయి. ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పి అసలు సంగతికి వస్తాను.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో మూడో సంవత్సరం విద్యార్థులను ఒక జలవిద్యుత్ కేంద్రం చూపించడానికి తీసుకెళ్లాను. దాని పేరు రాయను. రాస్తే ఆ ఒక్కచోట సంజాయిషీ అడిగి మిగిలిన చోట్ల ఊరుకుంటారు. లోపల అంతా చక్కగా ఉంది. టర్బైన్ల అంతస్తులో నేల అద్దంలా తుడిచి ఉంది. ఒక యువ ఇంజనీరు ఓపికగా, పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చాడు. బయటకు వచ్చాక పిల్లలు దిగువన నదిలోకి దిగారు. గేట్లన్నీ మూసే ఉన్నాయి. ఏటి నడుమ బండలు ఆరిపోయి, ఎండకు మెరుస్తున్నాయి. నలుగురు అప్పటికే ఒక బండ ఎక్కి ఫొటోలకు నిలబడ్డారు.

ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన నా వైపు తిరిగి, "సార్, పిల్లల్ని వెనక్కి పిలవండి. ఆ తాబేలు బండకు నడుము దాకా నీళ్లొచ్చాయి," అన్నాడు.

నాకు తాబేలూ కనబడలేదు, నడుమూ కనబడలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక తెలిసింది. గుండ్రటి నల్లరాయి ఒకటి, దాని మీద పాత నీటిమట్టాల తెల్లటి చారలు. పిల్లల్ని కేకేసి పిలిచాను. వాళ్లు నవ్వుతూ, తోసుకుంటూ వచ్చారు. ఒకమ్మాయి చెప్పు వెనక్కి జారిపోతే దానికోసం మళ్లీ తిరగబోయింది, గట్టిగా అరిచాను. పావుగంటలో ఆ నలుగురు నిలబడిన చోట నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి.

సైరన్ మోగదా అని అడిగాను పెద్దాయనను. "గేట్లు ఎత్తితే మోగుతుంది సార్. గాలి ఇటు వీస్తే వినబడుతుంది. మిషన్లు తిప్పినప్పుడు మోగదు. మేం ఆ బండనే చూసుకుంటాం. బండ మునిగితే లేచిపోవడమే."

సైరన్ స్తంభం దగ్గరకు వెళ్లి చూశాను. తీగ ఒకటి తెగి వేలాడుతోంది. పక్కనే హెచ్చరిక బోర్డు, దాని మీద ఫోను నంబరు, ఆ నంబరులో చివరి రెండు అంకెలు పెచ్చులూడిపోయాయి.

ఆ తరువాత మూడు వినతిపత్రాలు ఇచ్చాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోది ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి వెళ్లిందని తెలిసింది. మూడోదానికి ఒకే వాక్యంతో ఉత్తరం వచ్చింది: "నీటి విడుదల సమాచారాన్ని ఎప్పటికప్పుడు సంబంధిత అధికారులకు తెలియజేస్తున్నాము." ఆ వాక్యమే ఈ బహిరంగ లేఖ రాయించింది. సంబంధిత అధికారి ఏటి నడుమ బండ మీద నిలబడి ఉండడు కదా.

ఈ విషయాలు మీ ముందు ఉంచుతున్నాను.

1. ఈ ఊరికి ఇది కొత్త గాయం కాదు. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్లతో ఉన్న యాత్ర నిర్వాహకుడు ఒకరు కూడా పోయారు. ఎగువన ఉన్నది 126 మెగావాట్ల లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు. అక్కడి నుంచి వదిలిన నీరు చూస్తుండగానే పెరిగింది. రాళ్ల మీద నిలబడిన పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఉన్న ఆ దృశ్యం టీవీల్లో చూడని ఇల్లు ఈ నగరంలో లేదు. హిమాచల్ హైకోర్టు ఆ కేసును తనంత తానుగా చేపట్టి, 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ మొత్తంలో ఎక్కువ వాటా విద్యుత్ బోర్డు మీద, కొంత కళాశాల మీద, కొంత ప్రభుత్వం మీద పడింది. మృతదేహాల కోసం రోజుల తరబడి ఆ ఒడ్డున కూర్చున్న తల్లిదండ్రులు ఇవాళ్టికీ మన చుట్టుపక్కల వీధుల్లోనే ఉన్నారు.

ఆ తీర్పులో కళాశాలకూ వాటా పడిందని మరచిపోలేదు. నా వృత్తివాళ్ల తప్పు నేను దాచను. నదిలో దిగే ముందు ఎగువన ఏముందో అడగకుండా బస్సు ఆపేది మేమే.

2. జలవిద్యుత్‌కున్న గొప్ప గుణమే దిగువవాడికి గండం. బొగ్గు కేంద్రం వేడెక్కి తిరగడానికి గంటలు పడుతుంది. నీటి కేంద్రం నిమిషాల్లో తిరుగుతుంది. అందుకే సాయంత్రం నగరమంతా ఒకేసారి దీపాలు, ఏసీలు వేసుకునేసరికి, ఎక్కడ ఎంత కరెంటు తీయాలో చెప్పే లోడ్ డిస్పాచ్ కేంద్రం మొదట ఫోను చేసేది మీకే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు, అంటే టర్బైను-జనరేటరు జతలు, ఆరు; కుడిగట్టున 110 మెగావాట్లవి ఏడు. ఒక్కో యూనిట్ తిరిగితే వేల క్యూసెక్కుల నీరు కిందికి వస్తుంది. ఫోను వచ్చిన నిమిషం నుంచి నది మారిపోతుంది. గ్రిడ్‌కు కరెంటు అక్కరలేదని యూనిట్లు ఆపించినా, నిండిన జలాశయంలో ఆ నీటిని గేట్ల గుండా వదలక తప్పదు. పెంచినా నీరే, తగ్గించినా నీరే. ఆకాశంలో మబ్బుతునక లేని రోజున కూడా దిగువవాడికి అది ఆకస్మిక వరదే.

గేట్లు ఎత్తితే వార్త అవుతుంది, టీవీలో వస్తుంది. యూనిట్ తిప్పితే ఎవరికీ తెలియదు. ప్రాణానికి రెండూ ఒకటే.

3. నిజమైన మెరుపు వరద వచ్చినప్పుడు ఆనకట్టకే తీరిక ఉండదు. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలో సౌత్ ల్హోనాక్ హిమానీ సరస్సు గట్టు తెగింది. ఆ నీరు చుంగ్‌థాంగ్ దగ్గర 1200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్టను చేరేసరికి, 60 మీటర్ల ఎత్తున్న ఆ కట్టడం నిమిషాల్లో కొట్టుకుపోయింది. దిగువన తీస్తా-5 కేంద్రం కూడా దెబ్బతింది. సరస్సు పెరుగుతోందని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చారు. తెలిసీ హెచ్చరిక సమయానికి చేరలేదు.

దానికి ముందు, 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో కొండచరియ మంచుతో సహా విరిగి లోయలో పడింది. 13.2 మెగావాట్ల రిషిగంగా కేంద్రం ఆనవాలు లేకుండా పోయింది. నిర్మాణంలో ఉన్న తపోవన్ విష్ణుగాడ్ ప్రాజెక్టు సొరంగంలో కూలీలు చిక్కుకుపోయారు. చనిపోయినవారు, ఆచూకీ లేనివారు కలిపి రెండు వందల పైచిలుకు. రిషిగంగా ప్రాజెక్టు పక్కనున్న రైణీ గ్రామం వాళ్లు ఆ పనుల మీద 2019లోనే హైకోర్టు మెట్లెక్కారు. చిప్కో ఉద్యమంలో చెట్లను కౌగలించుకుని నిలబడ్డ గౌరాదేవి ఊరు అది. అడగడం వాళ్లకు అలవాటే, వినడం మనకు అలవాటు కాలేదు.

2013 జూన్ వరదల్లో అదే రాష్ట్రంలోని ధౌలిగంగ 280 మెగావాట్ల కేంద్రం నీట మునిగింది. విష్ణుప్రయాగ్ బ్యారేజీ రాళ్లతో పూడిపోయింది. కేంద్రాన్ని నదికి వీలైనంత కింద కడతాం, అక్కడే నీటికి బలం ఎక్కువ కనుక. వరద దూరేది కూడా అక్కడే. గేట్లను ఎత్తే మోటార్లకు కరెంటు కావాలి. కరెంటు స్తంభాలు పడిపోయేది సరిగ్గా ఆ రాత్రే. డీజిల్ జనరేటర్ మొరాయిస్తే ఎంత పెద్ద ఆనకట్టయినా గోడగా నిలబడి చూడాల్సిందే. ఇవి మీకు తెలియని పాఠాలు కావు. నేను తరగతిలో చెబుతున్నవే.

4. "అది హిమాలయం, మనకు హిమానీనదాలు లేవు" అని ఒక అధికారి నాతో నవ్వుతూ అన్నారు. నిజమే, లేవు. 2009 అక్టోబరు 2న శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. వరదనీటిని గేట్ల గుండా వదిలే స్పిల్‌వే సామర్థ్యం సుమారు 13 లక్షలు. పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటింది. వెనుక జలాలతో కర్నూలు మునిగింది. హిమం ఒక్క ముక్క కూడా అక్కర్లేకపోయింది, మూడు రోజుల వాన చాలింది.

అదే శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 215 టీఎంసీలకు తగ్గింది. అంటే నాగార్జునసాగర్ నుంచి మనం తాగే నీరు మాత్రమే తగ్గలేదు. ఒక్కసారిగా వచ్చే వరదను కాసేపు ఆపి ఉంచుకునే చోటు కూడా ఆ మేరకు తగ్గింది. పోయిన ఆ తొంభై మూడు టీఎంసీల ఖాళీ ఒకప్పుడు మీకు కొన్ని గంటల వ్యవధి ఇచ్చేది. ఆ గంటలు ఇప్పుడు లేవు. దిగువవాడికి చెప్పాల్సిన తొందర ఆ మేరకు పెరిగిందని మీకు అనిపించడం లేదా?

కడెం విద్యుత్ ప్రాజెక్టు కాదు, అయినా చెప్పక తప్పదు. 1958లో ఒకసారి తెగింది. 2022 జూలైలో సామర్థ్యానికి మించి సుమారు 5 లక్షల క్యూసెక్కులు వచ్చి, గేటు మొరాయించి, దైవాధీనంగా నిలిచింది. మరుసటి ఏడాది జూలైలో మళ్లీ గేట్ల మీదుగా పొర్లింది. ఆ రెండు రాత్రులూ కడెం ఊరివాళ్లు పిల్లాపాపలతో గట్టు వదిలి వెళ్లారు. తుంగభద్రలో 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. గేటు పోయిన చోట అడ్డంగా దించే తాత్కాలిక పలక, స్టాప్‌లాగ్, సిద్ధంగా లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు, ఆయన వెంట ఉన్న మనుషులు పారే నీటిలోనే కొత్త పలకలు దించారు కనుక ఆ ఏడాది రైతుల నీళ్లు మిగిలాయి. అంత అనుభవమున్న పెద్దమనిషి ఒక ఫోను దూరంలో ఉండటం మన అదృష్టం, దాన్ని భద్రతా వ్యవస్థ అనలేం.

5. మీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. ఆగస్టు, సెప్టెంబరుల్లో జలాశయం అంచుదాకా నిండాలని అందరూ కోరతారు. రైతు కోరతాడు, నగరం కోరుతుంది, ట్రాన్స్‌కో కోరుతుంది, నాయకులు హారతి పట్టడానికి వస్తారు. ఒక్క అడుగు ఖాళీ ఉంచుదామన్న ఇంజనీరును, ఆ తరువాత వాన పడకపోతే ఏడాదంతా తిడతారు. అందుకని నిండేదాకా ఆగి, నిండాక గేట్లన్నీ ఒక్కసారి ఎత్తుతారు. నిండు కడుపు మీద ఇంకో గరిటె వడ్డించినట్టు, పొర్లేది విస్తరి బయటికే. ముందుగా కొంత నీరు వదిలి ఖాళీ ఉంచుకోవాలా, వద్దా అన్న వాదన పెద్దది. ఈ లేఖలో దాన్ని తేల్చలేను. ఎంత నింపాలన్నది మీరు తేల్చుకోండి. ఎప్పుడు వదులుతున్నారో మాత్రం కింద ఉన్నవాడికి ముందు తెలియాలి.

కింద ఉన్నవాడు ఎవరో కూడా చెప్పాలి. శ్రీశైలం ఆనకట్ట దిగువన లింగాలగట్టు దగ్గర ఏట్లో పుట్టి (గుండ్రటి పడవ) వేసుకుని చేపలు పట్టేవాడు. ఏటి ఒడ్డున మోటారు బిగించుకున్న రైతు, ఆ మోటారు కొట్టుకుపోతే పంట ఎండి అప్పు మిగిలేవాడు. గొర్రెలను నీళ్లకు తోలుకొచ్చిన పిల్లవాడు. శివరాత్రికి మునక వేయడానికి వచ్చిన ముసలమ్మ. ఇక మా హైదరాబాదీలు: గేట్లు ఎత్తారన్న వార్త రాగానే సాగర్‌కూ శ్రీశైలానికీ కార్లు కట్టి, నురగ దగ్గరగా చూడాలని రాళ్లెక్కేవాళ్లు. వీళ్లలో ఎవరి ఫోనూ మీ వాట్సాప్ గ్రూపులో ఉండదు.

నగరంలో ఉన్నంత మాత్రాన తప్పించుకోలేం. 1908 సెప్టెంబరు 28న మూసీ వేల మందిని మింగాకే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ వచ్చాయి. నూటపదిహేడేళ్ల తరువాత, 2025 సెప్టెంబరులో, వరదను ఆపడానికే కట్టిన ఆ జంట జలాశయాల నుంచి వదిలిన నీటితో మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చి, రాత్రివేళ ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటకు తేవాల్సి వచ్చింది. దసరా పండుగకు ఊరెళ్లే సంచులు నెత్తిన పెట్టుకుని నిలబడిన వాళ్లకు నీరు వస్తోందని చెప్పింది ఎవరు? పాదాలకు తగిలిన నీరే.

ఈ పరిస్థితుల్లో మిమ్మల్ని కోరుతున్నవి ఇవి. దయ చేయమని అడగడం లేదు. 2021 ఆనకట్టల భద్రతా చట్టం ఇప్పటికే మీ మీద పెట్టిన బాధ్యతలే చాలావరకు.

1. గేట్లకే కాదు, యూనిట్ తిప్పే ముందు కూడా సైరన్ మోగాలి. మోగిన తరువాత నీటిని మెట్లు మెట్లుగా పెంచాలి. మొదట మోకాలి లోతు పెరిగేంత, కాసేపు ఆగి మిగిలింది. ఏటి నడుమ ఉన్న మనిషి ఒడ్డు చేరడానికి పట్టే సమయం ఎంతో మనిషిని నడిపించి కొలవండి, కాగితం మీద కాదు. అత్యవసరంగా కరెంటు కావాలని లోడ్ డిస్పాచ్ కేంద్రం తొందరపెట్టినా ఈ వ్యవధిని కోయకూడదని లిఖితంగా ఆదేశం ఉండాలి.

2. వరద హెచ్చరిక వ్యవస్థ పెట్టాలనీ, రాబోయే ప్రవాహం, వదలబోయే నీటి వివరాలు ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ చట్టం చెబుతోంది. వాటిని తెలుగులో, రైతుకు అర్థమయ్యేలా, "ఘాట్ మీద మూడో మెట్టు మునుగుతుంది" అన్న తీరులో చెప్పండి. క్యూసెక్కులు మీకూ నాకూ అర్థమవుతాయి.

3. చట్టం కిందికి వచ్చే ప్రతి ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయడానికి చట్టం ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026 డిసెంబరు 30తో తీరుతుంది. ఎన్ని ఆనకట్టలకు పూర్తయిందో, ఎన్నింటికి కాలేదో పేర్లతో ప్రకటించండి. ముంపు పటాలను దిగువనున్న ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించండి. బీరువాలో ఉన్న ప్రణాళిక ఎలుకలకే పనికొస్తుంది.

4. వానాకాలానికి ముందు గేట్ల పరీక్ష ఒకసారి ప్రధాన విద్యుత్ సరఫరా ఆపేసి, డీజిల్ జనరేటర్ మీదే చేయాలి. ఎన్ని గేట్లు ఎంతసేపట్లో లేచాయో ఫలితం బయటపెట్టాలి. గొలుసులు, రోప్‌లు ఎప్పటివో, స్టాప్‌లాగ్‌లు ఉన్నాయో లేవో అదే కాగితంలో రాయాలి. విద్యుత్ కేంద్రంలోకి నీరు వస్తే సిబ్బంది బయటపడే దారి కూడా అప్పుడే ఒకసారి నడిచి చూడండి. మునిగేది మొదట మీ మనుషులే.

5. సైరన్ పనిచేస్తోందని సంతకం పెట్టే అధికారం కార్యాలయంలో ఉన్నవారికి కాకుండా, దిగువన ఉన్న మత్స్యకారుల సంఘానికీ పంచాయతీకీ ఇవ్వండి. వినబడిందని వాళ్లు సంతకం చేస్తేనే అది మోగినట్టు. మీకు ఇది అవమానంగా తోచవచ్చు. ఆ పెద్దాయన నాకంటే, మీకంటే నదిని బాగా చదవగలడు కనుకనే నా విద్యార్థులు నలుగురు ఇవాళ బతికి ఉన్నారు.

6. బోర్డుల మీద అంకెలు రాలిపోని ఫోను నంబరు రాయించండి. ఆ నంబరుకు రాత్రి కూడా ఎవరైనా పలకాలి.

కళాశాలల తరఫున మేం చేయాల్సింది మేం చేస్తాం. నది దగ్గర బస్సు ఆపే ముందు ఎగువ ప్రాజెక్టుకు ఫోను చేయకుండా దిగనివ్వకూడదని మా విభాగంలో ఇప్పటికే నియమం పెట్టుకున్నాం. ఇబ్బంది ఏమిటంటే, మూడుసార్లు చేస్తే రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు.

ఈ లేఖ ప్రతిని, నా మూడు వినతిపత్రాల నకళ్లను, వచ్చిన ఆ ఒక్క వాక్యపు జవాబును, తెగిన తీగ ఫొటోను కలిపి ఉన్నతాధికారులకు పంపుతున్నాను. వచ్చే కార్తీకంలో మళ్లీ మూడో సంవత్సరం పిల్లలతో అదే ఒడ్డుకు వెళ్తాను. ఈసారి ముందుగా తాబేలు బండ వైపు చూస్తాను, ఆ తరువాత స్తంభం వైపు.

ఇట్లు,
హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే ఒక అధ్యాపకుడు